ఇంటినిండా పిల్లలుండగా దత్తత: మూసుకున్న తలుపేది, తెరిచి ఉన్నదేది

ఇద్దరు పిల్లలున్న దంపతులు ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డ కోసం కేంద్ర దత్తత సంస్థ కారా వరసలో నిలబడటానికి వీల్లేదు. 2022 సెప్టెంబరులో వచ్చిన దత్తత నిబంధనలు ఈ మాట చాలా స్పష్టంగా చెప్పాయి. అంతకుముందు, 2017 నిబంధనల్లో, ఈ హద్దు ముగ్గురు పిల్లల దగ్గర ఉండేది. తిరుపతి, చిత్తూరు వైపు చాలామందికి ఇప్పటికీ ఆ పాత లెక్కే గుర్తు. ఇద్దరు పిలకాయలుండి మూడో బిడ్డను తెచ్చుకుందామని పోర్టల్ తెరిచేవాళ్లున్నారు. అమెరికాలో ఉంటూ ఊళ్లో అక్క బిడ్డను పెంచుకుందామనుకునే తమ్ముళ్లున్నారు. కువైట్ నుంచి సెలవు మీద వచ్చి, తిరిగి విమానం ఎక్కేలోపు దస్తావేజు రాయించుకుందామనుకునేవాళ్లూ ఉన్నారు. వీళ్ల ఏళ్ల తరబడి ఆలస్యానికి కారణం వెతికితే చాలాసార్లు ఒకటే తేలుతుంది: తమకు తెరిచి ఉన్న తలుపు ఒకటైతే, పోయి తట్టింది ఇంకోదాన్ని.

ఏ తలుపు తట్టాలో మూడు సంగతులు తేలుస్తాయి. ఇంట్లో ఇప్పటికే ఎంతమంది పిల్లలున్నారు, తెచ్చుకోదలచిన బిడ్డ రక్తబంధువా కాదా, పెంచుకునేవాళ్లు ఉండేది ఇక్కడా పరాయి దేశంలోనా. ఈ మూడింటికీ జవాబు రాసుకోకముందే కాగితాలు పోగేయడం మొదలుపెడితే, సగం కాగితాలు తర్వాత మళ్లీ తీయించుకోవాల్సి వస్తుంది.

ముందు పేర్లు తెలుసుకుందాం. కారా అంటే దేశమంతటి దత్తతలనూ చూసే కేంద్ర ప్రాధికార సంస్థ. దాని ఆన్‌లైన్ పోర్టల్ పేరు కేరింగ్స్. దీనికి ఆధారం 2015 నాటి బాల న్యాయ చట్టం. జిల్లాలో ఉండే చేతులు మూడు. బిడ్డను చట్టప్రకారం దత్తతకు అర్హుడని ప్రకటించేది బాలల సంక్షేమ కమిటీ. బిడ్డను సాకేది దత్తత సంస్థ, మన వైపు జనం శిశుగృహ అంటారు. కాగితాలు నడిపేది జిల్లా బాలల సంరక్షణ విభాగం. ఆఖరి ఉత్తర్వు ఒకప్పుడు కోర్టు ఇచ్చేది. 2022 సెప్టెంబరు 1 నుంచి కలెక్టరే ఇస్తున్నారు. ఉత్తర్వు ఇచ్చేది బిడ్డ ఉన్న జిల్లా కలెక్టర్. ఒడిశాలోని శిశుగృహ బిడ్డను తిరుపతి కుటుంబం ఎంచుకుంటే, ఫైలు నడిచేది ఒడిశాలోనే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక శ్రీకాళహస్తి వాళ్ల పాత కాగితాల్లో చిత్తూరు జిల్లా అనే ఉండిపోయింది. దానివల్ల దత్తత ఆగిపోదు. కానీ ఆధార్‌లో ఒక చిరునామా, ఆదాయ పత్రంలో ఇంకొకటి ఉంటే అప్‌లోడ్ చేసినవాటిని వెనక్కి పంపుతారు. మొదలుపెట్టే ముందే సరిచేయించుకోవడం మంచిది.

రిజిస్ట్రారాఫీసు దస్తావేజు ఎవరికి చెల్లుతుంది

మన ఊళ్లలో దత్తత అనగానే గుర్తొచ్చేది పది మంది ముందు బిడ్డను ఒళ్లో పెట్టడం, తర్వాత రిజిస్ట్రారాఫీసులో దస్తావేజు. అది 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం కింద జరిగే పని. హిందువులు, బౌద్ధులు, జైనులు, సిక్కులు మాత్రమే దీన్ని వాడుకోగలరు. బిడ్డను ఇచ్చిపుచ్చుకోవడం నిజంగా జరగాలి. దత్త హోమం మాత్రం తప్పనిసరి కాదు. బిడ్డకు 15 ఏళ్లు నిండి ఉండకూడదు. వేరు లింగం బిడ్డను దత్తత తీసుకుంటే ఇద్దరి మధ్య 21 ఏళ్ల తేడా ఉండాలి.

పిల్లలున్న ఇంటికి ఇందులో కత్తెర పడేది 11వ సెక్షన్ దగ్గర. కొడుకును దత్తత తీసుకోవాలంటే అప్పటికి బతికున్న కొడుకు గానీ, కొడుకు కొడుకు గానీ, అతని కొడుకు గానీ ఉండకూడదు. కూతురును తీసుకోవాలంటే కూతురు గానీ, కొడుకు కూతురు గానీ ఉండకూడదు. ముగ్గురు ఆడపిల్లలున్న తండ్రి ఈ చట్టం కింద కొడుకును తీసుకోవచ్చు. ముగ్గురూ మగపిల్లలైతే కూతురును తీసుకోవచ్చు. ఒక కొడుకూ ఒక కూతురూ ఉంటే మాత్రం రెండు వైపులా తలుపు మూసుకున్నట్టే. అలాంటి ఇంట్లో ఎంత ఖరీదైన స్టాంపు కాగితం మీద రాయించినా ఆ దత్తత చెల్లదు. ఇరవై ఏళ్ల తర్వాత పొలం పంచుకునే రోజున అన్నదమ్ముల్లో ఎవరో ఒకరు ఈ సెక్షన్ బయటికి తీస్తారు. అప్పుడు నలిగిపోయేది ఆ బిడ్డే.

కాబట్టి కొడుకూ కూతురూ ఇద్దరూ ఉన్న కుటుంబానికి మిగిలేది బాల న్యాయ చట్టం. దీనికి మతంతో పని లేదు. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు కూడా ఇదే దారి. పిల్లలున్నారా లేరా అన్నదాన్ని బట్టి అర్హత పోదు గానీ, ఇద్దరు గానీ అంతకంటే ఎక్కువమంది గానీ ఉంటే తీసుకోగలిగేది రెండే రకాల పిల్లలను: ప్రత్యేక అవసరాలున్నవాళ్లు, ఎవరూ ఎంచుకోక మిగిలిపోయినవాళ్లు. బంధువుల బిడ్డకు మాత్రం ఈ పరిమితి లేదు.

ప్రత్యేక అవసరాలు అన్న మాట వెనుక

ఈ మాట వినగానే చాలామంది చక్రాల కుర్చీని ఊహించుకుని వెనక్కి తిరుగుతారు. ఆ జాబితా అంతకంటే చాలా విశాలం. ఆపరేషన్‌తో సరిపోయే లోపాలు, మందులతో అదుపులో ఉండేవి, జీవితాంతం తోడు కావాల్సినవి అన్నీ అందులోనే ఉంటాయి. వాటిని విడదీసి చూడటం నేర్చుకుంటేనే ఇది తమ ఇంటికి సాధ్యమా కాదా తేల్చుకోగలరు.

గ్రహణ మొర్రి తీసుకోండి. పెదవికి సాధారణంగా 3 నుంచి 6 నెలల మధ్య, అంగిలికి 9 నుంచి 18 నెలల మధ్య ఆపరేషన్ చేస్తారు. ఆపైన మాట సరిగా రావడానికి శిక్షణ, పళ్ల వరస కోసం వైద్యం కొన్నేళ్లు సాగుతాయి. వంకర పాదాలకు పొన్సెటి పద్ధతిలో వారానికొకసారి కట్టు మారుస్తూ అయిదు నుంచి ఏడు కట్లు వేస్తారు. చాలామందికి మడమ వెనక స్నాయువు మీద చిన్న కోత కూడా అవసరమవుతుంది. అసలు పరీక్ష ఆ తర్వాతే. మొదటి మూడు నెలలు రోజంతా, తర్వాత నాలుగేళ్ల వయసు దాకా రాత్రి నిద్రలో, ప్రత్యేకమైన బూట్లు తొడగాలి. ఏడుస్తున్నాడని జాలిపడి బూట్లు విప్పేసిన ఇళ్లలో పాదం మళ్లీ వంకర తిరుగుతుంది. ఎముకల వైద్యానికి టీటీడీ నడిపే బర్డ్ ఆస్పత్రి తిరుపతిలోనే ఉంది. గుండెలో రంధ్రాల విషయంలో చిన్నవి కొన్ని వాటంతట అవే పూడుకుంటాయి, కొన్నింటికి ఆపరేషన్ కావాలి. 2021 అక్టోబరులో మొదలైన శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ఈ ఊరి కుటుంబాలకు పెద్ద అండ. దేశంలో చాలా ఊళ్లవాళ్లకు లేని సౌకర్యం ఇది. నిర్ణయం తీసుకునేటప్పుడు దీన్ని లెక్కలో వేసుకోవాలి.

రిపోర్టులో ఎక్కువ తప్పుగా అర్థం చేసుకునే మాట హెచ్‌ఐవీ. తల్లికి వైరస్ ఉంటే ఆమె యాంటీబాడీలు బిడ్డ రక్తంలో 18 నెలల వయసు దాకా కనిపించవచ్చు. అంటే ఎనిమిది నెలల బిడ్డకు యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ అని ఉన్నంత మాత్రాన బిడ్డకు వైరస్ ఉన్నట్టు కాదు. వైరస్‌నే నేరుగా వెతికే పీసీఆర్ పరీక్ష జరిగిందా, ఏ తేదీన, ఎన్నిసార్లు అని అడగాలి. ఆ ప్రశ్న అడక్కుండానే ముందుకెళ్లిపోయిన కుటుంబాల వల్ల ఆరోగ్యంగా ఉన్న పిల్లలే ఏళ్లకేళ్లు శిశుగృహల్లో ఉండిపోతారు. అది చూస్తే నిజంగా గుండె తరుక్కుపోతుంది.

ఎదుగుదల ఆలస్యం అన్న మాట ఇంకా చిక్కుది. సంస్థలో పెరిగిన బిడ్డను ఎత్తుకునే చేతులు తక్కువ. నడకా మాటా ఆలస్యం కావడం అక్కడ మామూలే. ఇంటికొచ్చాక ఆరు నెలల్లోనే చాలా తేడా కనిపిస్తుంది. మెదడుకు సంబంధించిన కారణంతో వచ్చే ఆలస్యం వేరు. ఈ రెండింటినీ విడదీయడానికి డాక్టర్లు చూసేవాటిలో ఒకటి తల చుట్టుకొలత. ఒక్క రోజు కొలత వల్ల ఏమీ తేలదు. పుట్టినప్పటి నుంచి నెలనెలా తీసిన కొలతలు వరసగా కావాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అయితే వయసు పుట్టిన రోజు నుంచి కాక, పుట్టాల్సిన రోజు నుంచి లెక్కగట్టి చూడాలి. బిడ్డ వైద్య నివేదికను మీకు తెలిసిన పిల్లల డాక్టరుకు చూపించుకునే హక్కు మీకుంది. రుయా, స్విమ్స్ ఆస్పత్రులున్న తిరుపతిలో ఆ పని కష్టం కాదు. రిపోర్టు మీద తేదీ పాతదైతే కొత్త పరీక్షలు చేయించమని కోరండి.

ఎవరూ ఎంచుకోని పిల్లలు అంటే ఒంట్లో ఏ లోపమూ లేనివాళ్లే. వయసు పెరిగిందనో, తోబుట్టువులిద్దరినీ కలిపే తీసుకోవాలనో జనం వద్దనుకున్నవాళ్లు. ఏడేళ్ల పిల్ల, ఆమె నాలుగేళ్ల తమ్ముడు అలా మిగిలిపోతారు. పిల్లలను పెంచిన అనుభవం ఉన్న పెద్ద కుటుంబాలకు ఈ తలుపే బాగా సరిపోతుందని మా నమ్మకం. చిత్తూరు సరిహద్దు ఇళ్లలో తమిళం వచ్చు. చెన్నై వైపు శిశుగృహలో పెరిగిన ఆరేళ్ల బిడ్డకు మొదటి వారంలోనే తన భాషలో అన్నం పెట్టే ఇల్లు దొరకడం చిన్న సంగతి కాదు.

వయసు లెక్క కూడా ఈ పెద్ద పిల్లల వైపే మొగ్గుతుంది. భార్యాభర్తల వయసులు కలిపి చూస్తారు. రెండేళ్లలోపు బిడ్డకు ఆ మొత్తం 85 దాటకూడదు. రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకు 90, నాలుగు నుంచి ఎనిమిదికి 100, ఎనిమిది నుంచి పద్దెనిమిదికి 110. ఒంటరిగా తీసుకునేవాళ్లకు ఇదే వరసలో 40, 45, 50, 55. బిడ్డకూ పెంచుకునేవాళ్లకూ కనీసం 25 ఏళ్ల తేడా ఉండాలి. దంపతులైతే పెళ్లై స్థిరంగా రెండేళ్లు కాపురం చేసి ఉండాలి. ఒంటరి పురుషుడికి ఆడపిల్లను ఇవ్వరు. ముగ్గురిని కని పెంచేసరికి భర్తకు 50, భార్యకు 45 వచ్చి ఉంటే మొత్తం 95. అప్పుడు నాలుగేళ్లు దాటిన బిడ్డ వైపే చూడాలి.

వరస, కాగితాలు, గడువులు

2024-25లో దేశమంతా కలిపి జరిగిన దత్తతలు 4,515. అందులో 4,155 దేశంలోపలివి. పేర్లు నమోదు చేసుకుని ఎదురుచూసే కుటుంబాలు ఇంతకు ఎన్నో రెట్లు. అందుకే ఆరోగ్యంగా ఉన్న రెండేళ్లలోపు బిడ్డ కోసం ఎదురుచూపు ఏళ్లకు పాకుతుంది. పిల్లలు తక్కువగా ఉండటానికి కారణం చట్టం పెట్టిన జాగ్రత్త కూడా. దొరికిన బిడ్డ తల్లిదండ్రుల కోసం పత్రికల్లో ప్రకటన ఇచ్చి వెతకాలి. రెండేళ్లలోపు బిడ్డను రెండు నెలల్లో, అంతకంటే పెద్ద బిడ్డను నాలుగు నెలల్లో దత్తతకు అర్హుడని ప్రకటించాలి. తల్లి తానే అప్పగించిన బిడ్డ అయితే ఆమె మనసు మార్చుకోవడానికి 60 రోజులుంటాయి. ఆ అరవై రోజులు అవతలి తల్లి హక్కు. ఎదురుచూసేవాళ్లకు అది ఎంత భారంగా ఉన్నా, ఆ గడువును గౌరవించాల్సిందే.

నమోదుకు కావాల్సినవి ఫ్యామిలీ ఫొటో, పాన్ కార్డు, పుట్టిన తేదీ, నివాసం, ఆదాయం రుజువులు, పెళ్లి ధ్రువపత్రం, దంపతుల వైద్య ధ్రువపత్రాలు. ఇంట్లో అయిదేళ్లు దాటిన పిల్లలుంటే వాళ్ల సమ్మతి కూడా. ఎక్కువమంది ఆగిపోయేది పెళ్లి పత్రం దగ్గర. కొండ మీద పెళ్లి చేసుకుని, ఆ రసీదునే పత్రం అనుకుని, రిజిస్ట్రేషన్ చేయించుకోనివాళ్లు మన దగ్గర చాలామంది. భార్య ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, పాన్‌లో అత్తింటి ఇంటిపేరు ఉండటం రెండో చిక్కు.

తర్వాత సోషల్ వర్కర్ ఇంటికొచ్చి హోమ్ స్టడీ చేస్తారు. దానికి రుసుము 6,000 రూపాయలు. నివేదిక మూడేళ్లు చెల్లుతుంది. బిడ్డ ఖరారయ్యాక శిశుగృహకు కట్టేది 50,000. ఇవి ఆన్‌లైన్‌లో కట్టాల్సినవి. వీటికి మించి చేతికి ఇవ్వమని ఎవరడిగినా అది తప్పుడు దారి. హోమ్ స్టడీకి ఇల్లు అద్దంలా ఉండనక్కర్లేదు. కొత్త బిడ్డ ఎక్కడ పడుకుంటుంది, తల్లి ఆస్పత్రికి తిరిగే రోజుల్లో మిగతా పిల్లలకు అన్నం పెట్టేదెవరు, నెలకు వచ్చేదెంత పోయేదెంత, అవ్వాతాతలకు ఈ సంగతి తెలుసా అని అడుగుతారు. అప్పులు దాచిపెట్టడం, ఇంట్లో ఒకరికి ఇష్టం లేకపోవడాన్ని కప్పిపుచ్చడం ఇక్కడ చేసే తప్పులు. ఆ రెండూ తర్వాత బయటపడకుండా ఉండవు.

మామూలు వరసలో బిడ్డ వివరాలు వస్తే 48 గంటల్లో రిజర్వ్ చేయాలి. ఆ కబురు ఫోనుకూ ఈమెయిలుకూ వస్తుంది. నమోదప్పుడు నెట్ సెంటర్ వాళ్ల ఈమెయిల్ ఇచ్చేసి, వచ్చిన అవకాశం తెలియకనే పోగొట్టుకునేవాళ్లున్నారు. ప్రత్యేక అవసరాల పిల్లల విషయంలో మీ వంతు కోసం ఆగాల్సిన పని లేదు. హోమ్ స్టడీ అయ్యాక పోర్టల్‌లో మీరే చూసి ఎంచుకోవచ్చు. బిడ్డను చూసి, ఒప్పుకుని, సంతకం చేశాక ముందు సంరక్షణకు ఇంటికి పంపుతారు. కలెక్టర్ రెండు నెలల్లో ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ఉత్తర్వుతోనే మీ పేర్లతో పుట్టిన తేదీ ధ్రువపత్రం వస్తుంది.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసే తల్లులు ఒక సంగతి ముందే చూసుకోవాలి. 180 రోజుల దత్తత సెలవు ఇద్దరికంటే తక్కువ పిల్లలున్నవాళ్లకు, బిడ్డ ఏడాదిలోపు వయసుదైతేనే. పెద్ద కుటుంబానికి అది వర్తించదు. మొదటి మూడు నెలలు ఇంట్లో ఎవరుంటారన్నది ఆ సెలవు లేదనుకునే లెక్క వేసుకోవాలి.

అక్క బిడ్డను అమెరికా తీసుకుపోవాలంటే

ఇక్కడ మన వాడుకకూ చట్టానికీ పొంతన కుదరదు. మనకు వరసకు మేనమామ, వరసకు పిన్ని అంటే సొంతవాళ్లే. చట్టంలో బంధువు అంటే బిడ్డ తల్లికి గానీ తండ్రికి గానీ సొంత తోబుట్టువు, లేదా బిడ్డ తాత, నాయనమ్మ, అమ్మమ్మ. అంతే. బాబాయి, పెదనాన్న, మేనత్త, మేనమామ, పిన్ని, పెద్దమ్మ వస్తారు. తల్లి పెదనాన్న కొడుకు ఎంత ప్రాణంగా చూసుకున్నా రాడు. అతనికి బంధువుల దత్తత దారి లేదు. బంధువే అయితే పిల్లల సంఖ్య పరిమితీ, వయసు మొత్తాల పరిమితీ రెండూ ఉండవు. పెద్ద కుటుంబాలకు ఇది చాలా పెద్ద వెసులుబాటు.

దేశం దాటే దత్తత ఏదైనా, బంధువుల బిడ్డ అయినా సరే, బాల న్యాయ చట్టం ప్రకారమే జరగాలి. 56వ సెక్షన్ ఆ మాట నేరుగా చెబుతుంది. దేశాల మధ్య దత్తతలకు 1993 నాటి హేగ్ ఒడంబడిక ఉంది, భారతదేశం అందులో 2003లో చేరింది. అమెరికా కూడా అందులో ఉంది. ఈ దారిలో మొదటి అడుగు తిరుపతిలో పడదు, పెంచుకునేవాళ్లు ఉండే దేశంలో పడుతుంది. అక్కడ కారా గుర్తించిన దత్తత ఏజెన్సీ దగ్గర హోమ్ స్టడీ చేయించుకుని, దాని ద్వారానే కేరింగ్స్‌లో నమోదు కావాలి. కారా అప్పుడు ఇక్కడి జిల్లా విభాగానికి రాస్తుంది. వాళ్లు బిడ్డ ఇంటికొచ్చి కన్న తల్లిదండ్రుల పరిస్థితి, ఎందుకు ఇస్తున్నారు, అయిదేళ్లు దాటిన బిడ్డకు ఇష్టమేనా అన్నవి తెలుసుకుని నివేదిక పంపుతారు. ఆ దేశం తన సమ్మతి తెలిపాక, కారా ముందస్తు ఆమోదం వచ్చాక, బిడ్డ ఉన్న జిల్లా కలెక్టర్ దగ్గర దరఖాస్తు. ఉత్తర్వు, ఆపై అభ్యంతరం లేదని కారా ఇచ్చే ఎన్‌ఓసీ, ఒడంబడిక దేశమైతే దత్తత ఆ ఒడంబడిక ప్రకారమే జరిగిందనే అనుగుణ్యత ధ్రువపత్రం, పాస్‌పోర్టు, వీసా. ఈ వరస తలకిందులైతే మొత్తం ఆగిపోతుంది.

ఎక్కువమంది తలకిందులు చేసేది కూడా ఇక్కడే. వచ్చిన సెలవులో దస్తావేజు రిజిస్టర్ చేయించి, తిరిగెళ్లి వీసా కోసం అడుగుతారు. అమెరికా నిబంధన ప్రకారం, ఒడంబడిక దేశపు బిడ్డను తీసుకెళ్లడానికి వేసే ఐ-800 దరఖాస్తుకు ప్రాథమిక ఆమోదం రాకముందే దత్తత పూర్తి చేసి ఉంటే ఆ దరఖాస్తును తిరస్కరించాలి. అంటే తొందరపడి రాయించుకున్న కాగితమే అడ్డం పడుతుంది. ఆ దరఖాస్తు బిడ్డకు 16 ఏళ్లు నిండకముందే పడాలి. వేయగలిగేది అమెరికా పౌరులు మాత్రమే. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు, గ్రీన్ కార్డు వాళ్లకు ఆ దారి లేదు. వాళ్లకు దత్తత తీసుకున్న బిడ్డతో రెండేళ్లు చట్టబద్ధమైన సంరక్షణలో కలిసి ఉన్నాకే ఆ బిడ్డను తమ బిడ్డగా చూపించే అవకాశం వస్తుంది. అంటే భార్యాభర్తల్లో ఒకరు రెండేళ్లు ఇక్కడ ఉండాలి. అక్కడ ఇద్దరు బడి పిల్లలున్న కుటుంబానికి ఇది మోయగలిగిన బరువా కాదా అన్నది అక్క ఇంట్లో మాట ఇచ్చేముందే మాట్లాడుకోవాలి. మాట ఇచ్చాక వెనక్కి తగ్గితే మనసు విరిగేది బిడ్డకే.

కువైట్ హేగ్ ఒడంబడికలో లేదు. భారత పాస్‌పోర్టుతో అక్కడ ఉన్నవాళ్లు మన రాయబార కార్యాలయం ద్వారా కదలాలి. బిడ్డను ఆ దేశం రానిస్తుందా, తల్లిదండ్రులతో ఉండనిస్తుందా అన్నది రాతపూర్వకంగా తేలకుండా ఇక్కడ ఉత్తర్వు కోసం తొందరపడకూడదు.

బంధువు కాని బిడ్డ విషయంలో ప్రవాస భారతీయులకు ఇక్కడ ఉండేవాళ్లతో సమానంగా ప్రాధాన్యం ఉంటుంది. విదేశీయులకు అవకాశం ఇక్కడివాళ్లు ఎంచుకోని పిల్లల దగ్గర వస్తుంది. నాలుగైదుగురు పిల్లలున్న విదేశీ కుటుంబాలు ప్రత్యేక అవసరాలున్న మన పిల్లలను తీసుకెళ్లడం అందుకే తరచు చూస్తాం. విదేశాలకు శిశుగృహ రుసుము 5,000 డాలర్లు. ఇక్కడున్న భారతీయ దంపతులు పరాయి దేశపు బిడ్డను తెచ్చుకోవడానికీ నిబంధనల్లో చోటుంది. ఇక్కడి హోమ్ స్టడీతో కారా ద్వారానే వెళ్లాలి, బిడ్డ ఆ దేశపు పాస్‌పోర్టుతో వీసా తీసుకుని రావాలి.

ఇంట్లో ఉన్న పిల్లల సంగతి

ఎదురుచూసే కాలంలో పెద్దలు పోర్టల్‌ని చూస్తూ గడుపుతారు. పిల్లలను ఎవరూ పట్టించుకోరు. అయిదేళ్లు దాటిన పిల్లల సమ్మతి అడుగుతారని చెప్పి, వాళ్లకు జవాబు కంఠస్థం చేయించే తల్లిదండ్రులున్నారు. సోషల్ వర్కర్లు దాన్ని ఇట్టే పట్టేస్తారు. కంఠస్థం బదులు నిజాలు చెప్పాలి. కొత్త చెల్లికి మన మాట రాకపోవచ్చు, నీ బొమ్మలు అడగకుండా తీసుకోవచ్చు, అమ్మ ఆమెతో ఆస్పత్రికి ఎక్కువసార్లు వెళ్తుంది. ఇవి ముందే విన్న పిల్ల తర్వాత అంతగా నొచ్చుకోదు.

కొత్తగా వచ్చే బిడ్డ ఇంట్లో చివరి బిడ్డ కంటే చిన్నదైతే సర్దుబాటు సులువు. పెద్ద బిడ్డ స్థానంలోకి ఇంకో పెద్ద బిడ్డ వస్తే ఇద్దరికీ కష్టమే. అది అసలు కుదరదని కాదు గానీ, మొదటి దత్తతకే ఆ పరీక్ష పెట్టుకోకపోవడం మంచిది.

ఆస్తి మాట పెద్దల దగ్గర ముందే ఎత్తాలి. బాల న్యాయ చట్టం కింద దత్తత వచ్చిన బిడ్డకు కన్న పిల్లలతో సమానమైన హక్కులు. మూడెకరాలు ముగ్గురివి అనుకున్నది నలుగురిది అవుతుంది. తాతకు ఆ సంగతి దత్తత జరిగాక తెలిస్తే, ఆయన కోపం భరించాల్సింది బిడ్డే. జరిగే పంపకాన్ని దాచిపెట్టి బిడ్డను ఇంట్లోకి తేకూడదు.

తిరుపతిలో మరో మాట తప్పక చెప్పుకోవాలి. స్టేషన్ దగ్గరో అలిపిరి దగ్గరో ఒంటరి బిడ్డ కనిపిస్తే స్వామి ఇచ్చిన బిడ్డ అని ఇంటికి తీసుకుపోవాలనిపించడం సహజం. కానీ 24 గంటల్లోగా పోలీసులకో, పిల్లల సహాయ ఫోను నంబరు 1098కో, బాలల సంక్షేమ కమిటీకో తెలపాలి. తెలపకపోతే ఆరు నెలల దాకా జైలు లేదా పది వేల జరిమానా. ఆస్పత్రిలో ఆయాల చేతిమీదుగా బిడ్డను తీసుకుంటే అది దత్తత కాదు, కొనుగోలు అవుతుంది. దానికి అయిదేళ్ల దాకా కఠిన జైలు, లక్ష జరిమానా. ఆశ్రమంలోనో బాలమందిరంలోనో ఉన్న పిల్లలందరూ దత్తతకు అర్హులు కారు. ఆ పిల్లల్లో చాలామందికి చదువు కోసం అక్కడ ఉంచిన అమ్మానాన్నలున్నారు.

బిడ్డ ఇంటికొచ్చాక రెండేళ్లు, ఆరు నెలలకొకసారి, సంస్థ వాళ్లు వచ్చి చూస్తారు. విదేశంలో అయితే మొదటి ఏడాది మూడు నెలలకొకసారి, రెండో ఏడాది ఆరు నెలలకొకసారి. సంస్థలో పెరిగిన పెద్ద పిల్లలు మొదటి వారాల్లో చెప్పినట్టు వింటారు, పెట్టింది తింటారు. రెండు మూడు నెలలకు అసలు భయం బయటికొస్తుంది. దిండు కింద చపాతీ దాచుకోవడం, దీపం ఆర్పితే నిద్రపోకపోవడం, అమ్మ బయటికెళ్తే తలుపు దగ్గరే కూర్చోవడం చేస్తారు. తిండి దాచుకుంటే తిట్టకండి. అందేచోట ఒక డబ్బాలో వేరుశనగ ఉండలో అరటిపండ్లో పెట్టి, ఇది ఎప్పుడూ నిండే ఉంటుందని చూపించండి. డబ్బా ఖాళీ కాకుండా చూసుకుంటే, కొన్ని వారాల్లో బిడ్డ దాచుకోవడం మానేస్తుంది. కొట్టడం, కొరకడం, పక్క తడపడం తగ్గకుండా నెల దాటితే వచ్చే సందర్శన దాకా ఆగకుండా శిశుగృహకూ జిల్లా విభాగానికీ ఫోన్ చేసి కౌన్సెలింగ్ అడగండి. ఆ ఫోన్ చేసినంత మాత్రాన బిడ్డను వెనక్కి తీసుకోరు, మీ రికార్డులో మచ్చ పడదు.